రాళ్ళు ఏరిన కొండ

మ్యూజియంలో ఆమెను అందరూ బొమ్మలమ్మ అనేవాళ్ళు. ఉద్యోగం కాగితం మీద ఇంకేదో పెద్ద హోదా ఉంది గానీ దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు. అద్దాల పెట్టెల్లో పెట్టడానికి చిన్న చిన్న ప్రపంచాలు చేయడం ఆమె పని. ఎండిన చేప కింద ఇసుక, గద్ద వాలిన కొమ్మ, నక్క పడుకున్న గుంత. అద్దానికి ముక్కులు ఆనించి చూసే జనానికి వీటి వెనక ఒక మనిషి ఉంటుందని తట్టదు. తట్టకపోవడమే తన పనికి దక్కిన మెప్పని ఆమె సర్దిచెప్పుకునేది. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, ఎప్పుడైనా ఒకరు అడిగితే బాగుండునని కూడా అనుకునేది.

ఆ ఏడు మ్యూజియంలో కొండల గది ఒకటి కొత్తగా పెడుతున్నారు. కొండలంటే మామూలు కొండలు కావు. ఊరికి గంటన్నర ప్రయాణంలో ఒక లోయ ఉంది. దాని ఏటవాలు నిండా మూడంతస్తుల మేడంత ఎత్తున మట్టి స్తంభాలు నిలబడి ఉంటాయి. ప్రతి స్తంభం నెత్తి మీదా ఒక బండరాయి. ఎవరో పనిగట్టుకుని వందల మందిని నిలబెట్టి, తలా ఒక టోపీ పెట్టి, వాళ్ళ సంగతి మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. వాటి నమూనా చేయమన్నారు. బొమ్మలమ్మ తెల్ల సున్నంతో నెల రోజులు కష్టపడి చెక్కింది.

మ్యూజియంలో రాళ్ళ శాఖ చూసే పెద్దమనిషిని రాళ్ళసారు అంటారు. ఆయన చొక్కా జేబులు ఎప్పుడూ గులకరాళ్ళతో కిందికి వేలాడుతుంటాయి. ఆయన వచ్చి నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కొవ్వొత్తుల్లా ఉన్నాయమ్మా. కరెంటు పోయినప్పుడు వెలిగించి, సగంలో ఆర్పేసినవి."

ఆమె ముఖం మాడిపోయింది. ఆయన గబగబా అందుకున్నాడు. "నీ చేతిలో లోపం లేదు. నువ్వు వాటిని పైకి లేపావు, అదీ చిక్కు. అవి లేవలేదమ్మా. చుట్టూ ఉన్నది పోయింది, అవి మిగిలాయి. ఒకప్పుడు ఆ లోయ నిండా మంచు. మంచు కదలదనుకుంటాం గానీ అది కూడా నదిలాగే పారుతుంది, కాకపోతే నింపాదిగా. వస్తూ వస్తూ దారిలో ఉన్న మట్టి, ఇసుక, బండలు అన్నీ గీకి మూటగట్టుకొచ్చింది. కాలం వేడెక్కి మంచు కరిగిపోయాక ఆ సామానంతా అక్కడే దించేసింది. మట్టీ రాళ్ళూ కలగాపులగంగా ఒకే కుప్ప. ఆ తర్వాత వానల వంతు. వాన మట్టిని కోసుకుంటూ పోయింది. రాయి అడ్డం ఉన్నచోట మాత్రం దాని కింది మట్టి తడవలేదు, నిలబడిపోయింది. రాయి గొడుగు, మట్టి గొడుగు కింద మనిషి. అంతే."

బొమ్మలమ్మ ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఇదే ఆలోచించింది. వాన చేసిన పని ఉలితో చేయబోవడం ఏం తెలివి? మర్నాడు రాళ్ళసారుతో చెప్పింది. "ఆ మట్టే తెప్పించండి. రాళ్ళతో సహా. పెద్ద తొట్టెలో పోసి, పైనుంచి సన్నగా వాన కురిపిస్తాను. కొండలు వాటంతటవే వస్తాయి." ఆయన జేబులో గులకరాళ్ళు గలగలలాడేట్టు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

మ్యూజియంలో ఆమె గదికి పైకప్పు మరమ్మతు జరుగుతోంది. అందుకని పన్నెండు గోతాల మట్టీ ఇంటికే వచ్చింది. ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అది ఆమె మావగారిది.

యాభై ఐదేళ్ళు ఆ షెడ్డులో చక్రం ముందు కూర్చుని కుండలూ, పూలతొట్లూ, నీళ్ళ కూజాలూ చేసిన మనిషాయన. ఏడాదిన్నర కిందట ఒక పొద్దున చక్రం తిరుగుతుండగానే ఎడమ చెయ్యి జారిపోయింది. కూజా మెడ వంకరపోయింది. ఆయన కూజాను చూసి ఆశ్చర్యపోయాడే తప్ప తనకేదో అయిందని తెలుసుకోలేదు. ఎడమ చెయ్యి పడిపోయింది గానీ ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. చక్రానికి రెండు చేతులు కావాలని డాక్టరుకేం తెలుసు? అప్పటినుంచి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. పెడితే నాలుగు ముద్దలు తింటాడు. అడిగిందానికి "ఊఁ" అంటాడు. కొడుకు బస్సు డ్రైవరు, గొంతు పెద్దది. అతను కూడా తండ్రి దగ్గరికొచ్చేసరికి నిద్రపోతున్న బిడ్డ పక్కన మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

బొమ్మలమ్మకు ఆయనంటే ప్రాణం. పెళ్ళయి వచ్చిన కొత్తలో, మ్యూజియం ఉద్యోగానికి అర్జీ పెట్టాలా వద్దా అని ఆమె నీళ్ళు నములుతుంటే, మట్టి చేతులతోనే కలం తీసి ఇచ్చి "రాయి" అన్నది ఆయనే. అలాంటి మనిషి కళ్ళెదుటే గోడకు కొట్టిన మేకులా అయిపోతుంటే ఆమెకు గుండె చెరువయ్యేది. మళ్ళీ ఆయన చేతికి ఏదైనా పని తగలాలి, అదే ఆమె కోరిక. నిజం చెప్పాలంటే మట్టి ఇంటికి తెప్పించడంలో పైకప్పు మరమ్మతు ఒక సాకు.

"మావయ్యా, ఈ మట్టి ఆరిపోకుండా రోజూ కాస్త తడిపి గోనె కప్పుతారా? వాన కురిపించే బెజ్జాల డ్రమ్ము తయారయ్యేదాకా నేను మ్యూజియంలోనే ఉండాలి."

"ఊఁ" అన్నాడాయన.

మూడో రోజున భర్త ఆమెకు ఫోన్ చేసి, ఎవరికో బిడ్డ పుట్టినంత సంబరంగా చెప్పాడు. "నాన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు! 'ఎక్కడి మట్టిరా ఇది?' అన్నాడు. ఇంత పొడుగు మాట!"

నాలుగో రోజుకు ఆయన పొద్దున్నే లేచి షెడ్డులోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అయిదో రోజు భోజనం దగ్గర రెండోసారి వడ్డించుకున్నాడు. ఆరో రోజు ఆమె షెడ్డు తలుపు తట్టబోతే లోపల్నుంచి కేక వినపడింది. "అయ్యేదాకా రావద్దు!" ఆ కేక విని ఆమె తలుపు బయటే నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఏమవుతోంది లోపల, మట్టి తడపడానికి ఇంత గుట్టెందుకు అని తట్టాలి కదా? తట్టలేదు. సంతోషంలో ఉన్న మనిషికి బుద్ధి సగమే పనిచేస్తుంది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆయనే పిలిచాడు.

తొట్టెలో మట్టి వెన్నముద్దలా ఉంది. నున్నగా, నిగనిగలాడుతూ, వేలు పెడితే వేలిగుర్తు పడేట్టు. పక్కన రెండు పెద్ద బకెట్ల నిండా రాళ్ళు. ఒక్కొక్కటీ కడిగి పెట్టాడు.

"చూశావా అమ్మాయ్, ఎంత చెత్త పంపించారో! పన్నెండు గోతాలూ పిసికి పిసికి చూశాను. ఇదిగో, ఈ ఒక్క చేత్తోనే. మెంతిగింజంత రాయి కూడా లేదు. కావాలంటే వెతుక్కో." ఆయన కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు. ఎన్నాళ్ళకో ఆ చేతికి మోచేతిదాకా మట్టి ఉంది. "ఇప్పుడు నీ కొండ నిలబడుతుంది."

బొమ్మలమ్మ బకెట్లనీ తొట్టెనీ మార్చి మార్చి చూసింది. కుండలు చేసే ఏ మనిషైనా చేసే పనే అది. మట్టిలో రాయి ఉంటే, కాల్చేటప్పుడు ఆవంలో కుండ పగిలిపోతుంది. యాభై ఐదేళ్ళుగా ఆ వేళ్ళకు రాయి తగిలితే తీసి పారేయడం తప్ప ఇంకోటి తెలియదు. ఇప్పుడు ఈ మట్టి మీద ఏడాదిపాటు వాన కురిపించినా బురద తప్ప కొండ లేవదు. ఆ మాట ఎలా చెప్తుంది? చెప్తే ఆయన మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళిపోతాడు, ఈసారి తిరిగి రాడు.

"ఎంత బాగుందో మావయ్యా" అంది. ఆ రాత్రి ఆయన పెరుగు కూడా అడిగి వేయించుకున్నాడు.

ఆమె చాలా మంచిది. మంచివాళ్ళు చేసే పొరపాట్లకు ఒక తీరుంటుంది. అవి చేస్తున్నంతసేపూ పుణ్యకార్యంలా అనిపిస్తాయి. మర్నాడు భర్త ఆయన్ని నెలవారీ పరీక్షకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళగానే ఆమె తలుపు వేసుకుని, రెండు బకెట్ల రాళ్ళూ మళ్ళీ మట్టిలో కలిపేసింది. మట్టి పైన తడిచేత్తో నున్నగా పామింది. రాళ్ళు బయట పారబోసినట్టు కనిపించాలని బకెట్లలో బట్టలు నానబెట్టింది. వాళ్ళు ఇంటికొచ్చేసరికి మ్యూజియం నుంచి తెచ్చిన డ్రమ్ములోంచి రెండు వందల సన్నటి బెజ్జాల గుండా వాన కురుస్తోంది. ఒకవేళ ఆయన అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసి పెట్టుకుంది.

వాన మొదలైన మూడో రోజున మట్టి దిగబడింది. అక్కడక్కడా రాళ్ళు తలలు బయటపెట్టాయి. వాటి చుట్టూ మట్టి కరిగిపోతుంటే, కింద మాత్రం వేలెడంత స్తంభాలు మిగిలాయి. ఆమె ఒళ్ళు మరిచి కేకేసింది. "మావయ్యా, రండి, కొండలు!"

ఆయన వచ్చాడు. వంగి చూశాడు. కొండల్ని కాదు, రాళ్ళని. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ముప్ఫై దాకా లెక్కపెట్టి ఆగిపోయాడు.

"ఇన్ని రాళ్ళు ఎక్కడివి?"

"ఎక్కడో లోపల ఉండిపోయినట్టున్నాయి మావయ్యా. ఫరవాలేదు, వాటివల్లే మనకు మంచి జరిగింది" అంది, సిద్ధంగా ఉంచుకున్న అబద్ధాన్ని చిరునవ్వుతో సహా.

ఆయన కుడి చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూట భోజనానికి రాలేదు. మర్నాడూ రాలేదు. ప్లేటు గదిలోకి తీసుకెళ్తే రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేశాడు. నాలుగో రోజున భర్త డ్యూటీ బట్టలైనా విప్పకుండా వంటింట్లోకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"కుడి చెయ్యి కూడా పోయిందంటాడు. వేళ్ళకు స్పర్శ లేదట. 'చేతినిండా రాళ్ళు తగులుతుంటే తెలియలేదు, ఏరేశాననుకుని మురిసిపోయాను' అంటాడు. డాక్టరు దగ్గరికి పోదాం అంటే, 'ఎందుకురా, తెలిసిపోయిందిగా' అంటాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏం చేయను?"

ఆమె చేతిలోని గరిటె పొయ్యి పక్కన పెట్టింది. చేసిందంతా భర్తతో చెప్పింది. అతను తిడతాడనుకుంది. తిట్టలేదు, తల పట్టుకున్నాడు. "నాకు చెప్పినా నేనూ అదే చేసుండేవాణ్ణి" అన్నాడు. అది ఓదార్పో, ఇద్దరి మీదా వేసిన నిందో ఆమెకు తెలియలేదు.

ఆదివారం పొద్దున ఆమె మావగారి గదిలోకి వెళ్ళింది. "మావయ్యా, నాతో ఒకచోటికి రావాలి. రానంటే కుదరదు." ఆ గొంతులో ఏం విన్నాడో, ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

లోయకు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. బస్సు దిగి కాలిబాట మలుపు తిరగ్గానే మావగారు ఆగిపోయారు. ఎదురుగా కొండవాలు నిండా అవి నిలబడి ఉన్నాయి. కొన్ని బక్కపలచగా, కొన్ని బొద్దుగా, కొన్ని ఒకే మొదలు నుంచి రెండుగా చీలి, ఒకటి కాస్త ఒరిగి. ఒక్కొక్కదాని నెత్తి మీదా రాయి. ఒకచోట రాయి కింద పడిపోయి ఉంది. దాన్ని మోసిన స్తంభం మొనదేలి, కరిగి, మోకాలెత్తు దిబ్బ అయిపోయింది.

ఆయన అన్నిటికన్నా దగ్గరున్న స్తంభం దాకా నడిచి, జేబులోంచి కుడి చెయ్యి తీసి దాని మీద ఆనించాడు. పైనుంచి కిందికి నిమిరాడు.

"ఇది బాగా కొట్టిన మట్టి" అన్నాడు మెల్లగా. "ఎవరు కొట్టారు ఇంతగా?"

"మంచు, మావయ్యా. వేల ఏళ్ళు దీని మీద కూర్చుంది. ఆ బరువుకు బిగిసిపోయింది." రాళ్ళసారు చెప్పిందంతా ఆమె ఆయనకు చెప్పింది. మంచు మూట దించడం, వాన కోసుకుపోవడం, రాయి అడ్డుపడడం. చివరికి తను చేసినదాని దగ్గరికి వచ్చింది. "రాయి ఉంటేనే కొండ. మీరు రాళ్ళన్నీ ఏరేశారు. ఒక్కటీ వదల్లేదు. మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపి నేనే మళ్ళీ కలిపాను. మీ చేతికి ఏమీ కాలేదు."

ఆయన చేతిని చూసుకున్నాడు. స్తంభాన్ని గోటితో గీకి, రాలిన మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. అందులో ఆవగింజంత రాయి తగిలినట్టుంది, దాన్ని వేలి కొసన పెట్టుకుని ఎండలోకి తిప్పి చూశాడు. ఆయన ముఖం వెలిగింది. మరుక్షణం ఎర్రబడింది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"బాధపడతారని..."

"నా దగ్గర పనిచేసినవాడొకడు తొందరపడి ఆవం ముందే తెరిచాడు. నూట ఎనభై కూజాలు పటపటా పగిలిపోయాయి. వీధి చివరిదాకా వినపడేట్టు తిట్టాను వాణ్ణి. మర్నాడు నాకంటే ముందొచ్చి షెడ్డు ఊడ్చాడు. ఎందుకొచ్చాడంటావ్? తిట్టానంటే వాడు ఇంకా పనిలో ఉన్నట్టే. వద్దనుకునేవాణ్ణి ఎవరు తిడతారు?" ఆయన వేలి కొసనున్న రాయిని దులిపేశాడు. "నువ్వు నన్ను తిట్టలేదు. 'ఎంత బాగుందో' అన్నావు. చంటిపిల్లాడు గోడంతా గీతలు గీస్తే అంటాం చూడు, అలాగ. ఇల్లంతా ఏడాదిన్నరగా అదే. అందరూ నా దగ్గర గుసగుసలే. నేను చచ్చిపోయాననుకున్నారా అమ్మాయ్?"

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. బాటమీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, జుట్టుకు మట్టి అంటిందని చూసి, తుడవబోయి ఇంకాస్త అంటించాడు.

"సరేలే, ఊరుకో. గడువెంత ఉంది?"

"పన్నెండు రోజులు."

"నీ తొట్టెలోవి నిలవవు. రాళ్ళని పులుసులో ముక్కల్లా కలిపేశావు. రాయికీ మట్టికీ మధ్య సందుంటే నీళ్ళు అందులోంచే దిగుతాయి. ఇలా బిగియాలి. వరస మట్టి, దాని మీద రాళ్ళు, మళ్ళీ చెక్కతో కొట్టుడు. మనకు మంచు లేదు కాబట్టి మనమే కొట్టాలి. బస్సు ఎన్నింటికి?"

ఇంటికి వెళ్ళేసరికి ఆయన చెప్పినట్టే తొట్టెలో సగం స్తంభాలు కూలబడి ఉన్నాయి. తర్వాత కట్టిన కొండలు నిలబడ్డాయి, అది ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారుపడనక్కర్లేదు. ఆ గది తెరిచిన రోజున రాళ్ళసారు వాటి ముందు నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. కానీ చెప్పాల్సింది అది కాదు, అంతకు ముందు బుధవారం పొద్దున జరిగింది.

ఆ పొద్దున ఆమె షెడ్డులోకి వెళ్ళేసరికి మావగారు అప్పటికే పనిలో ఉన్నారు. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో మట్టి మీద రాళ్ళు పేరుస్తున్నారు. ఒకే సైజు రాళ్ళు. జానెడు జానెడు దూరంలో, తాడు పట్టి కొలిచినట్టు, వరసలు వరసలుగా. ఆరబెట్టడానికి పలక మీద కుండలు పేర్చడం అలవాటైన చెయ్యి, దానికి ఇంకోలా పేర్చడం ఎలా వస్తుంది? నాలుగు వరసలు అయిపోయాయి. అయిదోది నడుస్తోంది. ఆయన తలెత్తి, ఎలా ఉందన్నట్టు చూశాడు.

'బాగుంది' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముసలి ముఖాన్ని చూస్తూ ఇంకో మాట అనడానికి ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. చెంగు నడుముకు బిగించింది.

"ఇదేంటి మావయ్యా! కొండ కడుతున్నారా, సంతలో కుండలు పెడుతున్నారా? ఎక్కడైనా కొండ ఇలా వరసకట్టి నిలబడుతుందా? ఆదివారం అంతసేపు చూశారు, ఏం చూశారు? అన్నీ ఒకే సైజా? ఆ బకెట్లో పెద్దవెవరికోసం దాచారు? ఒక పూట పని నాశనం! తీసేయండి అన్నీ!"

కేకలకు షెడ్డు రేకులు అదిరాయి. భర్త ముఖం నిండా గడ్డం సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? నీకేమైనా పిచ్చా? నాన్న మీద అలా అరుస్తావేంటి?"

మావగారు కొడుకువైపు తిరగను కూడా లేదు.

"నువ్వు లోపలికి పోరా. పని దగ్గర మేం సవాలక్ష అనుకుంటాం." అప్పటికే ఆయన ఒక రాయి పెరికి పక్కన పడేశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, గొంతు మాత్రం దెబ్బలాటకు దిగినవాడిదే. "అరవడం అయితే అరిచావు. పెద్దది ఎక్కడ, చిన్నది ఎక్కడ, అది చెప్పకుండా తీసేయమంటే ఎలా?"

ఆమె తొట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మట్టిలో పెట్టి చూపించడం మొదలుపెట్టింది. రెండో రాయి దగ్గరే ఆయన అడ్డం తగిలాడు, అక్కడ మట్టి పలచగా ఉంది, నిలవదన్నాడు. ఆమె నిలుస్తుందంది.